గరగర కూడా లేదు

నా సర్వీసు రిజిస్టరులో ఒక మెచ్చుకోలు మాట ఉంది. "లాగ్ పుస్తకం శుభ్రంగా రాస్తాడు" అని. ముప్పై ఏళ్ళకు పైబడిన ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెచ్చుకోలు అది. నా మొదటి ప్రమోషన్ దాని మీదే వచ్చింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదివితే చాలు. పెద్దవాళ్ళు చదివి చేసేదేమీ లేదు, వాళ్ళు చేయాల్సిందంతా చేసేశారు.

ఈ కేసులో అసలు ముద్దాయి సూర్యుడు. శిక్ష మాత్రం ఆళ్ళగడ్డలో ఒక మనిషికి పడింది.

1953లో కర్నూలు రాజధాని అయినప్పుడు మా శాఖకు ఉన్నట్టుండి వైర్‌లెస్ మనుషులు కావాల్సి వచ్చారు. ఎస్సెల్సీ పాసై ఖాళీగా తిరుగుతున్న నన్ను పట్టుకుని, మద్రాసులో ఆరు నెలలు మోర్స్ నేర్పించి, నంద్యాలలో పడేశారు. రైల్వే స్టేషనుకు పోయే దారిలో ఒక మిద్దె పైన రెండు గదులు, ఒక సెట్టు, నాలుగు బ్యాటరీలు, మిద్దె మీద రెండు గెడలకు కట్టిన ఏరియల్ తీగ. అదే మా కేంద్రం. ఇట్లాంటిదే ఇంకొకటి ఆళ్ళగడ్డలో ఉండేది.

మా పనిలో మనుషుల పేర్లు ఉండవు. ఊరి పేరే మనిషి పేరు. నేను నంద్యాల, అతను ఆళ్ళగడ్డ. అతను నాకంటే రెండేళ్ళు చిన్న. గోస్పాడు దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే ఇంటివాడు. నెలకొకసారి నంద్యాలకు వచ్చినప్పుడు "నంద్యాలన్నా" అని మెట్ల కిందినుంచే కేకేసేవాడు. మిగతా రోజుల్లో నాకు తెలిసింది అతని చెయ్యి మాత్రమే. మోర్స్ కొట్టడంలో ఒక్కొక్కరికి ఒక్కో చెయ్యి ఉంటుంది. అతనిది నిదానం. ఏ అక్షరాన్నీ మింగేవాడు కాదు. తొందరలో ఉన్నప్పుడు విసుగొచ్చేది కానీ, రెండోసారి చెప్పమని అడగాల్సిన పని ఉండేది కాదు.

ఇక లాగ్ పుస్తకం సంగతి చెప్పాలి, కథంతా అందులోనే ఉంది. ఎన్ని గంటలకు ఎవరిని పిలిచాం, ఏం పంపాం, ఫలితం ఏమిటి అని గళ్ళు ఉండేవి. నేను చేరిన మొదటి రోజే మా ఇన్‌చార్జి ఆ చివరి గడి మీద వేలు పెట్టి పాఠం చెప్పాడు. ఆయన నంద్యాల మనిషే. నా పెళ్ళికి ముందు రోజూ పొద్దున తన ఇంటినుంచి ఉగ్గాని, బజ్జీ తెచ్చిపెట్టిన మంచి మనిషి. మంచివాళ్ళే ఇట్లాంటి పాఠాలు చెప్తారు కాబట్టి మనం నేర్చుకుంటాం.

"చూడప్పా, ఎప్పుడన్నా ఏమీ వినపడకుంటే 'నాకు వినపడలేదు' అని రాయొద్దు. 'నో రిప్లై' అని రాయి."

"రెండూ ఒకటే గదన్నా?"

"ఒకటెట్లయితాది? మొదటిది రాస్తే నీ సెట్టు చెడిపోయినట్ల. మెమో నీకొస్తాది. రెండోది రాస్తే అవతలాయప్ప పలకనట్ల. మెమో ఆడికి పోతాది."

జిల్లాలో మేమందరం ఇట్లాగే రాసేవాళ్ళం. ఎవరూ అబద్ధం రాస్తున్నామనుకోలేదు. పిలిచాం, జవాబు రాలేదు. అందులో తప్పేముంది? పైగా ఇవాళ నేను నీ మీద రాస్తే రేపు నువ్వు నా మీద రాస్తావు, లెక్క సరిపోతుంది. సెట్టు చెడిపోయిందని నిజం రాసినవాడికి మాత్రం, బ్యాటరీలో నీళ్ళు ఎప్పుడు పోశావు, తీగకు తుప్పు ఎందుకు పట్టింది అని నెలరోజులు సంజాయిషీలు రాసుకునే పని పడేది.

ఆళ్ళగడ్డ ఒక్కడే ఈ పద్ధతికి లొంగలేదు. వినపడకపోతే వినపడలేదని రాసేవాడు. మెమోలు తినేవాడు. "ఏందప్పా నీకీ పట్టుదల?" అని ఒకసారి అడిగితే, "నా చెవులకు వినపడనిదానికి ఆయప్ప పలకలేదని నేనెట్ల రాసేదన్నా? ఆయప్ప పలికినాడో లేదో నాకేం తెలుసు?" అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తుకొచ్చినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆ సంఘటన జరిగింది. ముందురోజు గాలికి శిరివెళ్ళ దగ్గర తంతి స్తంభాలు పడిపోయి, ఆళ్ళగడ్డకు టెలిగ్రాం దారి లేదు. పొద్దున పదకొండు దాటాక కర్నూలునుంచి నాకొక అర్జెంటు మెసేజి వచ్చింది. శాఖలో చాలా పైనున్న అధికారి ఒకాయన మధ్యాహ్నానికి ఆళ్ళగడ్డ చేరుతున్నారు, ట్రావెలర్స్ బంగళా తెరిపించి, భోజనం సిద్ధం చేయించవలెను. ఇంతే విషయం. దేశానికి ముంచుకొచ్చిన ప్రమాదం ఏమీ లేదు. అన్నం, పప్పు, కోడికూర.

పదకొండూ ఇరవైకి ఆళ్ళగడ్డను పిలిచాను. పలుకు లేదు. మళ్ళీ పిలిచాను. లేదు. మూడోసారి పిలిచేటప్పుడు గమనించాను, మొదటి పిలుపునుంచీ నా చెవుల్లో గరగర లేదు.

ఈ గరగర గురించి మీకు తెలియదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరూ పలకనప్పుడు కూడా చెవుల్లో ఒక చప్పుడు ఉంటుంది, చేటలో వేరుశెనక్కాయలు చెరుగుతున్నట్టు. అది ఆకాశంలోంచి వచ్చే చప్పుడు. అది వినపడుతోందంటే సెట్టు బతికి ఉన్నట్టు. ఆ రోజు అదే పోయింది. కర్నూలు లేదు, కడప లేదు, ఆకాశం లేదు. బ్యాటరీ తీగలు కదిపి చూశాను. మిద్దె ఎక్కి ఏరియల్ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. దిగివచ్చి కూర్చుని, పెన్ను తీసుకుని, నాకు అలవాటైన మాట రాశాను. పదకొండూ ఇరవై, నో రిప్లై. పదకొండూ ముప్పై, నో రిప్లై. పదకొండూ నలభై, నో రిప్లై. చేతిరాత చాలా శుభ్రంగా ఉంది.

పన్నెండు కావస్తుండగా గరగర మెల్లగా తిరిగొచ్చింది. వెంటనే ఆళ్ళగడ్డ అందాడు, మెసేజి ఇచ్చాను. అతను బంగళాకు పరుగెత్తేసరికి జీపు గేటు ముందు ఆగి ఉంది. బంగళాకు తాళం. వాచ్‌మన్ సంతకు పోయాడు. పెద్దాయన గేటు బయట ఎండలో నిలబడి, డ్రైవరు ఎక్కడినుంచో తెచ్చిన రెండు అరటిపళ్ళు తిన్నారు. తమాషా ఏమిటంటే, ఆ జీపు నేను కీ కొడుతున్నప్పుడే మా మిద్దె కింది రోడ్డు మీదుగా పోయింది. నేను కిటికీలోంచి ఆ మెసేజి కాగితం చుట్టి విసిరినా ఆయన ఒళ్ళో పడేది.

మూడో రోజు ఆళ్ళగడ్డ అతన్ని సస్పెండ్ చేశారు. డ్యూటీలో నిద్రపోయాడని అభియోగం. సాక్ష్యం ఏమిటయ్యా అంటే నా లాగ్ పుస్తకం. మూడుసార్లు పిలిస్తే పలకనివాడు నిద్రపోక ఏం చేస్తున్నట్టు? అతని పుస్తకంలో ఏముందో కూడా చూశారు. అందులో ఇంగ్లీషులో ఇట్లా రాసి ఉంది: "11.20. నంద్యాల వినపడలేదు. ఏ కేంద్రమూ వినపడలేదు. గరగర కూడా లేదు. బ్యాటరీ చూశాను, ఏరియల్ చూశాను, బాగున్నాయి. 11.52. గరగర మెల్లగా మొదలైంది." ఇది చదివి పైవాళ్ళు ఏం తేల్చారో వినండి. సెట్టు బాగుందని తనే ఒప్పుకున్నాడు, కాబట్టి లోపం సెట్టుది కాదు, మనిషిదే. జిల్లా మొత్తంలో ఆ రోజు నిజం రాసిన పుస్తకం ఒక్కటే ఉంది. దాన్నే ఉరితాడు చేశారు.

మా ఇన్‌చార్జి నా తరఫున స్టేట్‌మెంటు తనే రాసిపెట్టాడు. "నేను మూడుసార్లు పిలిచాను. ఆళ్ళగడ్డనుంచి జవాబు రాలేదు." ప్రతి అక్షరం నిజం. సంతకం పెట్టాను.

సంతకం పెట్టిన పదో రోజో ఏమో, పట్టపగలు మళ్ళీ అట్లాగే జరిగింది. ఈసారి నేను కర్నూలుతో మాట్లాడుతూ ఉండగానే, అవతలి చెయ్యి మాట మధ్యలో పలచబడి మాయమైంది. గరగర పోయింది. అరగంట తర్వాత వచ్చింది. ఈసారి నిద్రపోయింది ఎవరు? కర్నూలు నిద్రపోయిందా? అప్పుడు నాకు మద్రాసులో ఇచ్చిన పుస్తకం గుర్తొచ్చింది. పరీక్షకు అక్కర్లేదని ఎవరూ చదవని చివరి అధ్యాయంలో ఒక పేరా ఉంది. సూర్యుడి మీద ఒక్కోసారి పెద్ద మెరుపు పుడుతుందనీ, అప్పుడు పగలున్న దేశాల్లో రేడియో అలలు కొంతసేపు పైగాలిలోనే ఇంకిపోతాయనీ. నిద్రపోయాడని నేను సాక్ష్యం చెప్పిన మనిషి మేలుకునే ఉన్నాడు.

తమిళదేశంలో కొండమీద సూర్యుణ్ణి చూసే పరిశోధనాలయం ఉందని విన్నాను. వాళ్ళకు ఉత్తరం రాశాను. ఫలానా రోజు, ఫలానా టైములో సూర్యుడి మీద ఏమన్నా జరిగిందా అని. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కుతూహలం కొద్దీ ఇంకొక ప్రశ్న కూడా వేశాను. అంత దూరంలో ఉన్న సూర్యుడికి మా సెట్టు నోరు మూయించే బలం ఎక్కడిది అని.

మూడు వారాలకు జవాబు వచ్చింది. టైపు చేసిన రెండు కాగితాలు. ఎస్సెల్సీ చదివిన ఆపరేటరుకు అంత మర్యాదగా ఎవరూ అంతవరకు రాయలేదు. మొదటి కాగితంలో, ఆ రోజు పదకొండూ పదిహేను దాటిన తర్వాత సూర్యుడి మీద పెద్ద మెరుపు చూశామని, అది మీ సెట్టు మూగబోయిన టైముతో సరిపోతుందని రాశారు. రెండో కాగితంలో నా తిక్క ప్రశ్నకు జవాబు. సూర్యుడి ముఖం వేడి ఆరు వేల డిగ్రీల దాకా ఉంటే, దాని చుట్టూ పలచగా పరుచుకున్న బయటి గాలి వేడి పది లక్షల డిగ్రీలట. అది మన గాలి వంటిది కాదు, వేడికి అణువులు చెదిరిపోయి కరెంటు పారే గాలి. ప్లాస్మా అన్న మాట నేను మొదటిసారి చూసింది ఆ కాగితంలోనే. నిప్పుకు దూరంగా పోయేకొద్దీ వేడి తగ్గాలి కదా, మరి బయట ఎందుకు పెరిగింది? సూర్యుడి ఒంట్లో కుతకుతలాడే కదలిక అయస్కాంత గీతల వెంట అలలుగా పైకి పాకి, పైన విరిగి వేడిగా మారుతుందని ఒక అభిప్రాయం ఉంది, అది ఇంకా రుజువు కాలేదు, కారణం మాకు సరిగ్గా తెలియదు అని ముగించారు. చివర ఒక మనవి. ఆ రోజు మీ కేంద్రాల్లో నమోదు చేసిన వివరాలు పంపితే మాకు ఉపయోగపడతాయని.

మా ఇన్‌చార్జికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి తల పట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది? ఇప్పుడు సూర్యుని మీద కేసు పెడతావా?"

"ఆళ్ళగడ్డాయప్ప నిద్రపోలేదన్నా. నా సెట్టు కూడా మూగపోయింది ఆ పొద్దు."

"నీ పుస్తకంలో అట్ల రాసినావా?"

"లేదు."

"మరి నోరు మూసుకో. ఆ మొదటి కాయితం ఇయ్యి, సాలు. నీ సెట్టు మాట ఎత్తినావంటే నీ పుస్తకం దొంగ పుస్తకం అయితాది. ఇద్దరి ఉద్యోగాలు పోతాయి. ఇద్దరు పిల్లలప్పా నీకు."

విచారణ ఆళ్ళగడ్డలో, ఆ ట్రావెలర్స్ బంగళాలోనే పెట్టారు. ఆ రోజు బంగళా పొద్దున్నే తెరిచి, నీళ్ళు చల్లి, కోడిని కోసి పెట్టారు. విచారణ చేసేందుకు వచ్చిన అధికారి సర్కారు జిల్లాల మనిషి, వేరే ఊరినుంచి వచ్చాడు. తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. ఆళ్ళగడ్డ అతను ఉతికిన ఖాకీ వేసుకుని, తన లాగ్ పుస్తకం నకలు చేతిలో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి "బాగుండావా అన్నా" అన్నాడు. నేను బాగున్నానన్నాను.

పిలిచినప్పుడు వెళ్ళి ఉత్తరం ఇచ్చాను. రెండు కాగితాలూ ఇచ్చాను. ఇన్‌చార్జి మాట వినలేదు, రెండోదాంట్లోనే అసలు సంగతి ఉందని నా పిచ్చి నమ్మకం. అధికారి మొదటిది చూసి పక్కన పెట్టి, రెండోది చదువుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, పొయ్యి కంటే పొయ్యి మీది గాలి వేడిగా ఉంటుందా?"

"సూర్యుడి దగ్గర అట్లా ఉంటుందని రాశారు సార్."

"ఎందుకు ఉంటుందో రాశారా?"

"అలల వల్ల అని ఒక..."

"ఒక అభిప్రాయం. ఇంకా రుజువు కాలేదు. మాకు సరిగ్గా తెలియదు. వాళ్ళే రాసుకున్నారు చూడు, కింద సంతకం కూడా పెట్టారు. కళ్ళెదుట కనపడే సూర్యుడి సంగతే వాళ్ళకు తెలియదంటున్నారే, ఆళ్ళగడ్డలో నా ఆపరేటరు మేలుకున్నాడో పడుకున్నాడో వాళ్ళకెట్లా తెలుస్తుంది?"

పక్కనున్న గుమాస్తాలు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అర్థమైందా మీకు? తెలిసింది తెలిసిందని, తెలియనిది తెలియదని రాసినందుకు ఆ శాస్త్రవేత్త ఉత్తరం చెత్తబుట్టలోకి పోయింది. వినపడనిది వినపడలేదని రాసినందుకు ఆళ్ళగడ్డ అతని ఉద్యోగం పోతోంది. అన్నీ తెలిసినట్టు మూడుసార్లు నో రిప్లై అని రాసిన నేను మాత్రం ప్రభుత్వం తరఫున నమ్మదగిన సాక్షిని.

అధికారి నవ్వు ఆపి నా వైపు సూటిగా చూశాడు. తెలివైనవాడే, మాట పట్టుకున్నాడు.

"సరే, సూర్యుడే చేశాడనుకుందాం. అట్లయితే నీ సెట్టు కూడా మూగపోయి ఉండాలి. ఆ రోజు నీ సెట్టులో చప్పుడు ఉందా లేదా? జాగ్రత్తగా ఆలోచించి చెప్పు. లేదంటావా, నీ పుస్తకంలో ఆ సంగతి ఎందుకు రాయలేదో కూడా చెప్పాల్సి ఉంటుంది."

నాకు ఇంట్లో పిల్లలు కనపడ్డారు. మా ఇన్‌చార్జి ముఖం కనపడింది. గోడ పక్కనున్న మనిషి మాత్రం కనపడలేదు, నేను అటు చూడలేదు కాబట్టి.

"జ్ఞాపకం లేదు సార్" అన్నాను.

ఆయన రాసుకున్నాడు. అప్పుడు ఆళ్ళగడ్డ అతను నిదానంగా, తన మోర్స్ చెయ్యి మాదిరే ఒక్కొక్క మాట విడదీసి పలికాడు. "నంద్యాలన్నను ఇడ్సండి సార్. ఆయప్ప సెట్టు సంగతి నాకేం తెలుసు. నేను రాసిండేది మాత్రం నాకు జరిగిండేదే. ఇంకొకటి రాయమంటే నాకు రాదు."

పన్నెండున్నరకు విచారణ ముగిసింది. భోజనం సరిగ్గా టైముకు వచ్చింది.

నెలన్నరకు అతన్ని తీసేశారు. అప్పీలు పెట్టుకుంటే దాన్నీ కొట్టేశారు. ఆ మరుసటి ఏడు నన్ను మెచ్చుకుని ప్రమోషన్ ఇచ్చారు. మా ఇన్‌చార్జి రిటైరై పోగా ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను.

కూర్చున్న వారానికి ఉండబట్టలేక గోస్పాడు వైపు బస్సెక్కాను. అతని ఇంటి ముందు అతని భార్య జొన్నలు చెరుగుతోంది. నేనెవరో చెప్పగానే చేట కింద పెట్టింది.

"మా ఇంటాయప్ప పనికాడ నిద్రపోతాడని సెప్పినోడివి నువ్వేనా? పెండ్లయి ఆరేండ్లాయ, తెల్లారినాక ఆయప్ప కన్ను మూసింది నేను సూడలే. నువ్వు నంద్యాలనుంచి సూసినావా?"

బావి దగ్గర ఉన్నాడని చేత్తో చూపించి మళ్ళీ చేట తీసుకుంది.

అతను కపిల తోలుతున్నాడు. ఈ కాలం పిల్లలకు కపిల అంటే చెప్పాలి. బావి గట్టున గిలక, దాని మీదుగా లావాటి మోకు, మోకుకు ఒక కొసన నీళ్ళు తోడే తోలు బాన, ఇంకో కొసన ఎద్దులు. ఎద్దులు ఏటవాలు బాటలో దిగుతూ లాగితే బాన పైకొస్తుంది. నన్ను చూసి ఎద్దుల్ని ఆపి, కాళ్ళూ చేతులూ కడుక్కొమ్మని నీళ్ళిచ్చాడు. ఉద్యోగం మాట ఎత్తలేదు. కాసేపయ్యాక "అన్నా, ఆ పొద్దు ఆయప్ప చదివి నవ్వినాడే, ఆ రెండో కాయితంలో ఏముండాది?" అని అడిగాడు.

ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి అడిగిన మొదటి ప్రశ్న అది. చెప్పాను. ఆరు వేల డిగ్రీలు, పది లక్షల డిగ్రీలు, అయస్కాంత గీతలు, వాటి వెంట పాకే అలలు. నాకు తెలిసినంతవరకు చెప్పాను. అతను విని, లేచి ఎద్దుల్ని ఇంకో నాలుగు బానలు తోలి, గిలక దగ్గరికి రమ్మన్నాడు.

"ఈ ఇరుసు మీద చెయ్యి పెట్టు."

పెట్టి, చటుక్కున తీసుకున్నాను. కాలుతోంది.

"ఇప్పుడు మోకు పట్టుకో. ఎద్దుల మూపు మీద చెయ్యి పెట్టు. అంత వేడి ఉండాదా?"

"లేదు."

"లాగేది ఆడ. కాలేది ఈడ. నడమ మోకుండాది. దీంట్లో అర్థం కాకపోయేదానికి ఏముండాది? ఆయప్పను బంగళాలో కూకోబెట్టకుండా ఈడికి తోడుకొచ్చింటే అయిపోతాండె."

సూర్యుడి మీద జరిగేది అచ్చంగా ఇదే కాదని తర్వాత తెలుసుకున్నాను. ఈమధ్య కూడా పత్రికలో చదివాను, ఆ అలలు నిజంగానే ఉన్నాయని చూశారట, వేడి అంతా వాటివల్లేనా అన్నది మాత్రం ఇంకా తేలలేదట. తేలలేదని ఇప్పటికీ ధైర్యంగా రాస్తున్నారు, వాళ్ళకు నా దండం. కానీ కదలిక ఒకచోట ఉండి వేడి ఇంకోచోట పుట్టవచ్చునని నాకు తెలిపింది ఆ ఇరుసే. మా శాఖ సంగతి కూడా అప్పుడే తలకెక్కింది. లాగేవాళ్ళు చల్లగానే ఉంటారు, కాలేది మాత్రం అంచున ఉన్నవాడికి.

అతను ఇరుసుకు ఆముదం పోస్తూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"నీ సెట్టులో ఆ పొద్దు గరగర ఉన్నిందా అన్నా?"

"లేదు."

"ఉండదులే. నాకు తెలుసు." ఆముదం గిన్నె పక్కన పెట్టాడు. "ఆడ చెప్పింటివంటే బాగుండు."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఈ ముసలితనంలో నాకు ఇంత బరువు ఉండేది కాదు.

1960లో పాత లాగ్ పుస్తకాలన్నీ తగలబెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఆళ్ళగడ్డ పుస్తకాలు కూడా మా దగ్గరికే చేరి ఉన్నాయి. మిద్దె మీద కుప్ప పోయించి, అగ్గిపుల్ల గీసే ముందు ఆ ఏడాది పుస్తకాలు రెండూ వెతికి తీశాను. ఆళ్ళగడ్డ పేజీని నకలు రాసి పరిశోధనాలయానికి పంపాను. వాళ్ళు మొదటి ఉత్తరంలోనే అడిగారు కదా, నేనే మూడేళ్ళు మింగి కూర్చున్నాను. జవాబు వెంటనే వచ్చింది. ఈ నమోదు మా పరిశీలనతో నిమిషాలతో సహా సరిపోయింది, ఇంత జాగ్రత్తగా రాసిన ఆపరేటరుకు మా కృతజ్ఞతలు తెలపండి అని. అదే రోజు నంద్యాల నమోదు ఉంటే అది కూడా పంపగలరా, రెండు చోట్లనుంచి ఉంటే సాక్ష్యం గట్టిపడుతుంది అని.

ఆ ఉత్తరం తీసుకుపోయి అతని చేతిలో పెట్టాను. నిదానంగా చదివాడు. భార్యకు చదివి వినిపించాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి పోయింది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అడిగాడు.

"నీది పంపినావా అన్నా?"

పంపలేదు. పంపడానికి అందులో ఏముంది? మూడుసార్లు నో రిప్లై అని ఉంది. దాన్ని చూస్తే ఆ శాస్త్రవేత్త కూడా ఆళ్ళగడ్డలో మనిషి నిద్రపోయాడనే అనుకుంటాడు. ఆ పుస్తకాన్ని ఉత్తర్వు ప్రకారం నేనే తగలబెట్టాను, బూడిద మీద నీళ్ళు చల్లి, తగలబెట్టినట్టు సంతకం కూడా పెట్టాను.

అతను ఇప్పుడు లేడు. మా ఇన్‌చార్జి లేడు, ఆ మెత్తటి గొంతు అధికారి కూడా ఉండి ఉండడు. అడిగేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎనభై దాటాక నాకు మెమో ఇచ్చేవాడెవడు? అందుకే ఆ రోజు రాయాల్సిన వరుసను ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. మీరే నకలు తీసి పెట్టుకోండి.

పదకొండూ ఇరవై. ఆళ్ళగడ్డను పిలిచాను. అతను పలికాడో లేదో తెలియదు. నా సెట్టులో ఏమీ వినపడలేదు. గరగర కూడా లేదు.